సెస్నా వద్దన్నాను, ఆర్చర్ కొనమన్నాను

హ్యూస్టన్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఇద్దరు స్నేహితులతో కలిసి సెకండ్ హ్యాండ్ విమానం కొందామనుకున్నాడు. నాలుగు సీట్లది, శని ఆదివారాల్లో సరదాగా ఎగరడానికి. "మావయ్యా, నువ్వు ఊ అంటేనే అడ్వాన్సు ఇస్తాం" అని ఫొటోలు, లాగ్‌బుక్కుల స్కాన్ కాపీలు విజయనగరంలో ఉన్న నాకు పంపాడు. నేను ఎయిర్‌ఫోర్సులో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఈ విమానాల్లోలాగే మేం రిపేరు చేసిన ట్రైనింగు విమానం హెచ్‌పీటీ-32లోనూ లైకమింగ్ కంపెనీ ఇంజినే కాబట్టి ఆ కాగితాలు చదవడం నాకు కొత్తేమీ కాదు.

మొదటిది 1978 సెస్నా 172ఎన్. కొత్త పెయింటు, లెదర్ సీట్లు. ఓవర్‌హాల్ (ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం) తర్వాత చాలా తక్కువ గంటలే తిరిగిందని అమ్మేవాడు గొప్పగా చెప్పాడు. నాకు డౌటొచ్చింది అక్కడే. లాగ్‌బుక్ చూస్తే కొన్నేళ్లుగా యాన్యువల్ ఇన్‌స్పెక్షన్‌కి తప్ప హ్యాంగర్ దాటలేదు. లైకమింగ్ ఇంజిన్‌లో వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్, ప్రొపెల్లర్‌ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. ఇంజిన్ ఆపగానే ఆయిలంతా కిందికి జారిపోతుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే, అదీ సముద్రం పక్కనైతే, క్యామ్‌కీ, దాని మీద ఆనుకుని కదిలే ట్యాపెట్లకీ తుప్పు పడుతుంది. మన చింతపల్లి తీరంలో ఇళ్ల కిటికీ ఊచలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పైగా 1977-80 మధ్య వచ్చిన 172ఎన్‌లలో ఉండే ఓ-320-హెచ్2ఏడీ ఇంజినుకి క్యామ్, ట్యాపెట్ల విషయంలో మొదట్నుంచీ చెడ్డపేరే. ఓవర్‌హాల్‌కి 2,000 గంటలని చెప్పే లైకమింగే 12 ఏళ్లనే గడువు కూడా పెట్టింది. అమ్మేవాళ్లు ఆ రెండో సంగతి ఎత్తరు. కాస్త విప్పి క్యామ్ చూసుకుంటామని అడిగించాను, కుదరదన్నాడు. ఇక ఆ విమానం జోలికి వెళ్లొద్దని చెప్పేశాను.

రెండోది పైపర్ ఆర్చర్, అదీ ఆ కాలం నాటిదే. పెయింటు వెలిసిపోయింది, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ పగుళ్లిచ్చింది. కానీ ఓనరు వారంవారం నడిపాడు, ఆయిల్ మార్చినప్పుడల్లా ల్యాబుకి పంపి రిపోర్టులు దాచాడు. నాలుగు సిలిండర్ల కంప్రెషనూ (గాలి లీకవకుండా పట్టి ఉంచే శక్తి) 80కి 74 పైనే. ఇలాంటి ఇంజినంటే నాకు ప్రాణం.

నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురూ ఎక్కేయకూడదు. 172ఎన్ టేకాఫ్ బరువు 2,300 పౌండ్లకి, అంటే సుమారు 1,043 కిలోలకి మించకూడదు. ఈ బండి ఖాళీ బరువు, నిండు ట్యాంకు తీసేస్తే మనుషులకి మిగిలేది 280 కిలోలు. మా బావ ఒక్కడే తొంభై ఉంటాడు, చీపురుపల్లి నుంచి మా చెల్లి మోసుకెళ్లే ఆవకాయ జాడీలు సరేసరి. ఆర్చర్‌ది 180 హార్స్ పవర్, పరిమితి 2,550 పౌండ్లు. అదే లెక్క వేస్తే మరో నలభై కిలోలు కలిసొచ్చాయి.

సెస్నాలో సుఖం ఉంది, కాదనను. రెండు వైపులా తలుపులు, రెక్క పైన ఉండటంతో కింద ఊళ్లు బాగా కనిపిస్తాయి, రెండు ట్యాంకుల నుంచీ పెట్రోలు ఒకేసారి వస్తుంది. ఆర్చర్‌కి కుడివైపు ఒకటే తలుపు, రెక్క మీద కాలేసి ఎక్కాలి. గాల్లో ఉండగా గుర్తుపెట్టుకుని ట్యాంకు మార్చాలి. మావాడికి మతిమరుపు, అందుకే ఫోనులో అలారం పెట్టుకోమన్నాను.

ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాను. 2018లో ఫ్లోరిడాలో ఒక పైపర్ యారో రెక్క గాల్లోనే విరిగిపోయింది, ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత రెక్క స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) బోల్టు రంధ్రాల్లో పగుళ్లున్నాయేమో ఎడ్డీ కరెంట్ అనే విద్యుత్ పరీక్షతో చూడాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆర్డరు వేసింది. ఆర్చర్ కూడా అందులో ఉంది. ఆ టెస్టు కాగితం చూపించేదాకా డబ్బు కట్టొద్దన్నాను. కొనేముందు చెకప్ కూడా ఓనరు మెకానిక్‌తో కాకుండా వేరే మెకానిక్‌తో చేయించమన్నాను. అతను ఒక చిన్న ఆయిల్ లీకు పట్టుకున్నాడు, ధర కొంత దిగింది.

పెయింటు వేయిద్దామా అని ఇప్పుడు అడుగుతున్నారు. రెండేళ్లు ఆగమన్నాను. ఆ డబ్బుతో ఆయిలూ పెట్రోలూ పోయించి, వారానికోసారైనా ఎగరమన్నాను.