తేలినీలాపురం గూడబాతులు, తాబేలు పిల్లలు, ఒక చెత్త లాడ్జి – పిల్లలతో మా రెండ్రోజులు

ఒంటిపూట బడులు మొదలయ్యే ముందు, మార్చి రెండో వారం శని ఆదివారాలు, పిల్లలిద్దర్నీ అత్తమ్మనీ వేసుకుని విజయనగరం నుంచి శ్రీకాకుళం వైపు వెళ్లొచ్చాం. ముందే చెప్పేస్తున్నా, పక్షులకీ తాబేళ్ళకీ నూటికి నూరు, మేం దిగిన రూముకి పది కూడా ఎక్కువే.

తేలినీలాపురం అంటే టెక్కలి దాటి నౌపడా వైపు, గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టే ఊరు. తెల్లారుజామున నాలుగున్నరకి బయల్దేరదాం అన్నాను, మా ఆయన "పక్షులెక్కడికి పోతాయే" అని ఐదున్నర చేశారు, దారిలో టిఫిన్ అని ఇంకో ముప్పావుగంట, చేరేసరికి తొమ్మిదయింది. పోయాయి మరి, సగం పక్షులు మేతకి పోయాయి! నౌపడా చిత్తడి నేలల్లో చేపలకి వెళ్తాయంట. మిగిలినవే చెట్లనిండా ఉన్నాయి గానీ ఎండెక్కాక అవి కూడా కదలవు. మేం మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళాం, అప్పుడు చూడాలి, ఒక్కోటి రెక్కలు అంతంత చాపుకుని విమానం దిగినట్టు దిగుతుంటే మా చిన్నాడు నోరు తెరిచి మూయలేదు. మూయరా అని నేనే అన్నాను, పైనుంచి ఏం పడుతుందో తెలీదు కదా. గొడుగు తీసుకెళ్ళండి, ఎండకి కాదు.

గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేప లాక్కుంటుంది, చూడకపోతే నమ్మరు. పక్కనే పెయింటెడ్ స్టార్కులనే కొంగలు, పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు, వీటి గూళ్ళూ ఆ చెట్ల మీదే. వాసన మాత్రం ఘాటే, చేపల మార్కెట్ గుర్తొస్తుంది, అలవాటు లేనివాళ్ళు కర్చీఫ్ పెట్టుకోవాల్సిందే.

ఇంకోటి, అందరూ ఇవి సైబీరియా నుంచి వస్తాయనే చెప్తారు, నేను చిన్నప్పట్నుంచీ అదే వింటున్నా. మా పెద్దది పుస్తకం తెరిచి చూపించింది, ఈ మచ్చల ముక్కు గూడబాతులు మన దక్షిణాసియా పక్షులేనంట, చుట్టుపక్కల నీళ్ళని బట్టి ఇటూ అటూ తిరుగుతూ ఇక్కడికొచ్చి గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకుని పోతాయంతే. నాకైతే అదే ఇంకా బాగుంది, మన ఇంటివే కదా. పిల్లలు గట్టిగా అరిస్తే అక్కడ అరుగు మీద కూర్చున్న ఒక ముసలామె "ఏటమ్మా ఆ గోల, పురిటికొచ్చిన ఆడపిల్లలున్నారిక్కడ" అంది. మా వాళ్ళు ఆ తర్వాత గుసగుసలే. 2021 చివర్లో మొదలై 2022 జనవరి దాకా నులిపురుగుల వల్ల ఇక్కడ వందకి పైగా గూడబాతులు చచ్చిపోయాయి, ఆమె ఆ మాట చెప్పేటప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టే చెప్పింది.

వాచ్ టవర్ ఉంది, ఎక్కండి. బైనాక్యులర్స్ మనమే తీసుకెళ్ళాలి, మేం మా తమ్ముడి దగ్గర అడిగి తెచ్చాం. మంచినీళ్ళు, తినడానికి ఏదైనా కూడా టెక్కలిలోనే కొనేసుకోవడం మంచిది.

ఇక రూము సంగతి. హైవే పక్కన లాడ్జి, పేరు చెప్పను. ఫోన్లో "ఫ్యామిలీ రూమ్, ఇరవైనాలుగ్గంటలూ వేడి నీళ్ళు" అన్నాడు, వెళ్తే గీజర్ పని చేయదు, అత్తమ్మకి ఎక్స్‌ట్రా బెడ్ అని డబ్బులు తీసుకుని బొంతంత మందం కూడా లేని పరుపు ఇచ్చాడు, రాత్రంతా లారీ హారన్లు. అదీ సర్దుకున్నాం, కానీ పొద్దున్న నాలుగింటికి కిందకి దిగితే షట్టర్‌కి తాళం! ముందురోజే రెండుసార్లు చెప్పాం. వాచ్‌మన్‌ని లేపేసరికి ఇరవై నిమిషాలు పోయింది, మా ఆయన ముఖం నేను చూడలేదు, నా ముఖం ఆయన చూడలేదు. దిగే ముందే అడగండి, తెల్లారుజామున తలుపు తీసేవాళ్ళుంటారా అని.

ఆ హడావుడి ఎందుకంటే తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేది తెల్లారకముందే, ఎండొస్తే ఇసక కాలి అవి చచ్చిపోతాయి, పైగా కాకులు తన్నుకుపోతాయి. అరగంట దూరంలో ఒడ్డున గుడ్లు కాపాడే చోటు ఉంది, ముందే ఫోన్ చేసి పర్మిషన్ అడిగాం. ఊళ్ళో వేటకెళ్ళే కుర్రాళ్ళే రాత్రుళ్ళు ఒడ్డంతా తిరిగి ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళ గుడ్లు ఏరి తెచ్చి కంచె లోపల మళ్ళీ గుంటల్లో పాతిపెడతారు, లేకపోతే కుక్కలూ నక్కలూ తవ్వేస్తాయి. ఒక్కో తల్లి వంద దాకా పెడుతుంది, పిల్లలవడానికి యాభై రోజులటూ ఇటూ. ఇసక వేడిని బట్టే ఆడా మగా అవుతుందంట, వేడెక్కువైతే ఆడవి, ఇది విని మా పెద్దది "మనూళ్ళో అన్నీ ఆడవే అయిపోతాయేమో" అంది, మాకు చూపిస్తున్న కుర్రాడు నవ్వలేదు, ఆ భయం నిజమేనమ్మా అన్నాడు.

ఫోన్ లైట్లు ఆపించాడు, అవి వెలుగెటు ఉంటే అటు పోతాయి కాబట్టి. ముట్టుకోనివ్వలేదు, నేరుగా నీళ్ళల్లో వేయరు, ఇసక మీద వాటంతటవే పాకాలి. అరచేతిలో సగం కూడా లేనివి, అల వచ్చి వెనక్కి తోసేస్తే మళ్ళీ మొదలు. అత్తమ్మ చెప్పులు విడిచి కూర్మనాథా అని దండం పెట్టింది. ఇంత చేసినా పెద్ద తాబేళ్ళు ట్రాలర్ వలల్లో చిక్కుకుని ఊపిరాడక పోతాయి, కొంచెం దూరంలో ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చి ఉంది, పిల్లలు చూశారు, దాచలేదు.

తిరుగుదారిలో కళింగపట్నం, వంశధార సముద్రంలో కలిసే చోటు. చిన్నాడు ఈత అని గొడవ, మోకాళ్ళ దాకా కూడా ఒప్పుకోలేదు, నది కలిసే దగ్గర లాగేస్తుంది. బోటు కావాలని ఏడుపు. డిసెంబరులో ఒక రిజర్వాయర్ దగ్గర పిల్లల సైజు లైఫ్ జాకెట్ లేదంటే ఎక్కకుండానే వచ్చేశాం, ఆ కోపం వాడికింకా తీరలేదు. శ్రీకూర్మంలో అత్తమ్మ కోసం ఆగాం, గుళ్ళో నక్షత్ర తాబేళ్ళని చూసి కాస్త చల్లబడ్డాడు.

వానలు పడ్డాక ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి కొంగలొస్తాయి, అప్పుడు వెళ్దామనుకుంటున్నాం. అలారం నేనే పెడతా, టిఫిన్ డబ్బాలో కట్టేస్తా.