పోకర్ ‘ఫైనల్ టేబుల్’ కోర్సు: నెల్లూరు, ఒంగోలు వాళ్లూ, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పోకర్ అనే పేకాట టోర్నమెంట్‌లో చివరికి ముగ్గురు నలుగురు మిగిలి, ఒకరి దగ్గర చిప్స్ (పందెం బిళ్లలు) గుట్టగా, ఇంకొకరి దగ్గర కొంచెమే ఉన్నప్పుడు ఎలా ఆడాలో నేర్పిస్తామంటూ ఒక కోర్సు నెల్లూరు, కావలి, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ధర 7,500 రూపాయలు. గోవా కాసినోలో టోర్నమెంట్ ఆడాలని మా పిన్ని కొడుకు ముచ్చటపడి కొన్నాడు. ఆ పీడీఎఫ్ అంతా చదివాను, వీడియోలూ చూశాను. నేను డబ్బు పెట్టి ఆడను, ఆదివారాలు స్నేహితులతో ఉత్త చిప్స్‌తో ఆడతాను. కానీ ఈ ఆటలోని లెక్కలంటే నాకు చాలా ఇష్టం. అందుకే ఈ సరుకు చూసి ఒళ్లు మండింది.

పీడీఎఫ్‌లో సగం పైగా ఏ చెయ్యి (చేతిలో పడిన ముక్కల కలయిక) దేన్ని గెలుస్తుందన్న సంగతే. అది ఎక్కడైనా ఊరికే దొరుకుతుంది. డబ్బు తీసుకున్నది ఒకే ఒక్క చార్టు కోసం. ఆ పేజీని జూమ్ చేసి చూడండి: ఎడమవైపు కింద ఎవరిదో వాటర్‌మార్క్ సగం కోసేసి ఉంటుంది. ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో రాసే గడి లేదు. మొదటి బహుమతి ఎంత, మూడోది ఎంత అన్న గడీ లేదు. తొమ్మిది మంది ఉన్నా, ముగ్గురే మిగిలినా అదే చార్టు. దాని కింద లావు అక్షరాల్లో ఒక సూత్రం: గెలిచే అవకాశం 50 శాతం దాటితే ఆల్ ఇన్‌కి కాల్ చేసేయండి. అంటే ఎదుటివాడు తన చిప్స్ అన్నీ పందెం పెడితే (ఆల్ ఇన్), మీరూ ఆ పందేనికి సరిపడా పెట్టి ఆడేయండి (కాల్) అని.

మనిషిని నిలువునా ముంచేది ఈ సూత్రమే. ఎందుకో లెక్కతోనే చెబుతాను.

ముగ్గురు మిగిలారు. బహుమతులు 5,000, 3,000, 2,000 అనుకుందాం. చిప్స్ 50 వేలు, 30 వేలు, 20 వేలు. సగం చిప్స్ ఉన్నవాడికి మొత్తం పదివేలలో సగం వాటా ఉంటుందని అనిపిస్తుంది. ఉండదు. టోర్నమెంట్ లెక్కల్లో అందరూ వాడే ఐసీఎం, అంటే చేతిలోని చిప్స్‌కి బహుమతి డబ్బులో విలువ కట్టే ఇండిపెండెంట్ చిప్ మోడల్ ప్రకారం అతని వాటా సుమారు 3,839. మధ్యలో ఉన్నవాడిది 3,275. తక్కువ చిప్స్ ఉన్నవాడిది 2,886. ఆఖర్న ఉన్నా 2,000 ఖాయం కాబట్టి చిన్న స్టాక్ (ఒకరి దగ్గరున్న మొత్తం చిప్స్) విలువ చిప్స్ నిష్పత్తి కంటే ఎక్కువ, పెద్ద స్టాక్‌ది తక్కువ.

ఇప్పుడు పెద్ద స్టాక్‌వాడు ఆల్ ఇన్ అన్నాడు. 30 వేలున్న మధ్యవాడు కాల్ చేయాలా? గెలిస్తే 60 వేలవుతాయి, వాటా 4,100కి చేరుతుంది. ఓడితే మూడో స్థానం, 2,000తో ఇంటికి. ఫోల్డ్ చేస్తే, అంటే ముక్కలు వదిలేస్తే, బ్లైండ్స్ (వంతు ప్రకారం తప్పనిసరిగా పెట్టే చిన్న పందేలు) పక్కన పెడితే 3,275 అలాగే ఉంటుంది. గెలిస్తే పెరిగేది 825, ఓడితే పోయేది 1,275. కాబట్టి కాల్ లాభం కావాలంటే గెలుపు అవకాశం దాదాపు 61 శాతం ఉండాలి. చార్టు చెప్పే 50 ఏ మూలకి సరిపోతుంది? చేతిలో ఎనిమిదుల జోడీ ఉంది, ఎదుటివాడి దగ్గర ఏస్, కింగ్ ఉన్నాయని ఖాయంగా తెలిసినా జోడీ గెలిచేది సుమారు 55 శాతం. చార్టు కాల్ చేయమంటుంది, లెక్క వద్దంటుంది.

అదే చేతిని తిరగేసి చూడండి. మధ్యవాడే ముందు ఆల్ ఇన్ అంటే పెద్ద స్టాక్‌వాడు కాల్ చేయడానికి సుమారు 54 శాతం చాలు, ఎందుకంటే ఓడినా అతను బయటికి పోడు. అందుకే పెద్ద స్టాక్ ఎక్కువగా మధ్యవాడి మీద ఒత్తిడి పెడుతుంది. మధ్యవాడు చిన్న స్టాక్ ముందు పోతుందేమోనని ఓపిక పడతాడు. టోర్నమెంట్ చివర అసలు ఆట ఇదే. కోర్సులో దీని గురించి ఒక్క ముక్క లేదు.

వీడియోలో కోర్సు చెప్పే పెద్దమనిషి “ఇది నేను సొంతంగా కనిపెట్టిన ఫార్ములా అన్నా, బయట ఎక్కడా దొరకదు” అంటాడు. అసలు పనికొచ్చే ఐసీఎం లెక్క బయటే ఉంది. దానికి మూలమైన, గుర్రప్పందేల్లో ఏ గుర్రం ఏ స్థానంలో వస్తుందన్న లెక్కని డేవిడ్ హార్విల్ 1973లోనే ప్రచురించాడు. దాన్ని 1987లో పోకర్‌కి తెచ్చినవాడు మేసన్ మాల్మత్. ఉచిత ఐసీఎం కాలిక్యులేటర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. స్టాకులు, బహుమతులు కొడితే పైన చెప్పిన వాటాలు క్షణాల్లో వస్తాయి, మీరే సరిచూసుకోండి.

కోర్సు అయ్యాక అసలు కథ మొదలవుతుంది. ‘ప్రాక్టీస్ టేబుల్’ అని ప్లే స్టోర్‌లో లేని ఒక ఏపీకే (నేరుగా ఇన్‌స్టాల్ చేసే యాప్ ఫైలు) లింకు పంపి, యూపీఐ ద్వారా ఎవరిదో వ్యక్తిగత ఖాతాకి డబ్బు వేసి చిప్స్ కొనమంటారు. మా తమ్ముడు అక్కడ ఆగాడు, మంచిపని చేశాడు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా అందులో ఉన్నాయి. దయచేసి ఆ ఏపీకే మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి. ఓటీపీ మెసేజ్‌లు చదివే పర్మిషన్ కూడా అడుగుతోంది.

డబ్బు వెనక్కి ఇమ్మంటే ముందు “సరిగా అర్థం చేసుకోలేదన్నా” అన్నారు, తర్వాత గ్రూపులోంచి తీసేశారు. ఇప్పుడు పాత మెసేజ్‌లూ డిలీట్ చేస్తున్నారు.

ఇప్పటికే కట్టినవాళ్లు ముందు యూపీఐ లావాదేవీ నంబరు, కోర్సు ప్రకటన, చాట్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆ యాప్‌లో డబ్బు వేసినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కోర్సు విషయానికి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడ తేలకపోతే నెల్లూరు వాళ్లు నెల్లూరులోని, ప్రకాశం వాళ్లు ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉన్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.