ఆరేళ్ళ ఫుల్‌బాడీ టైలు: అరగలేదు గానీ లేచింది

రెండడుగుల విట్రిఫైడ్ పలక (గాజులా గట్టిపడేదాకా కాల్చింది), 12 మి.మీ. మందం, మ్యాట్, పైనుంచి అడుగుదాకా ఒకటే రంగు; ఫుల్‌బాడీ అంటే అదే. షోరూముల్లో, ఆసుపత్రి వరండాల్లో పరిచే రకం. కడపలో ఇంటి పడసాలకు వేసి ఆరేళ్ళయింది. అరుగుదల మీద ఒక్క ఫిర్యాదు లేదు. గడప దగ్గరా, బైకు స్టాండు వేసేచోటా, బియ్యం మూటలు ఈడ్చే దారిలోనూ గీత కనపడదు. ఒకచోట రోకలి పడి అంచు పెచ్చు లేచింది. లోపల కూడా అదే రంగు కాబట్టి వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలీదు.

కోపమంతా దాన్ని పరిచిన పద్ధతి మీద.

ఇక్కడి బేల్దార్ల చేయి బండపరుపులో తిరిగింది. కడప బండైనా, తాడిపత్రి బండైనా, బేతంచెర్ల బండైనా దారి ఒకటే: రెండంగుళాల ఇసుక సిమెంటు, మీద సిమెంటు పాలు, సుత్తితో నాలుగు దెబ్బలు. అడుగు గరుగ్గా ఉండే బండకు అది చాలు. విట్రిఫైడ్ పలక పీల్చే నీళ్ళు 0.5 శాతం లోపే. పాలు దాంట్లోకి ఇంకవు, ఆరినాక పట్టు మిగలదు. కొలిమి రోలర్లకు అంటకుండా అడుగున పూసే తెల్లపొడినీ ఎవరూ తుడవలేదు. పైగా జాయింటు కనపడకూడదని పలకకు పలక ఆనించి, గోడవార సందును కూడా సిమెంటుతో నింపేశారు.

నాలుగేళ్ళు అంతా బాగుండింది. ఐదో ఏడు మే నెల మధ్యాహ్నం ఫట్‌మని శబ్దం. పడసాల నడుమ వరసలో మూడు పలకలు పూరింటి కప్పులా ఎదురెదురుగా లేచి నిలబడ్డాయి. ఎత్తి చూస్తే వెనక భాగం కడిగిన కంచంలా ఉంది, పాలన్నీ కిందే గడ్డకట్టి ఉన్నాయి. లెక్క చిన్నదే. 20 అడుగుల వరస చలికాలపు తెల్లవారుజాముకీ మే ఎండకీ నడుమ 25 డిగ్రీల తేడాకు ఒక మి.మీ. దాకా పెరుగుతుంది. పక్కకు జరగడానికి ఆ ఒక్క మి.మీ. సందూ లేదు, కింద పట్టూ లేదు. ఇక పైకే లేస్తుంది.

లేచిన మూడింటినే మళ్ళీ అతికిస్తే సరిపోదు. నాణెంతో కొట్టి వింటే చుట్టూ ఇంకో 11 డొల్లగా మోగాయి. జాయింట్లను గ్రైండరుతో కోసి అన్నీ తీశారు. పలక అడుగున పూసే జిగురు మందానికి చోటు కావాలి కాబట్టి పాత పరుపును 5 మి.మీ. చెక్కి, దుమ్ము ఊడ్చి తడిపారు. సిమెంటు పాలు వద్దు, టైలు గమ్మే వాడాలి. సంచి మీద ఐఎస్ 15477 (టైలు గమ్ముకు భారతీయ ప్రమాణం నంబరు), టైప్ 2 లేదా ఆపైన అని ఉండాలి. సంచి మీద రాసినన్ని నీళ్ళే పోసి కలిపి, ఐదు నిమిషాలు వదిలి, మళ్ళీ కలపాలి. పళ్ళ కరణెతో ఒకే దిక్కున దువ్వి, పలక వెనక కూడా పలచగా పూయాలి. 20 కేజీల సంచి 40 చదరపు అడుగులకు మించి రాలేదు. కొట్టువాడు 60 అంటాడు, నమ్మొద్దు. మన ఎండకు దువ్విన గమ్ము పది నిమిషాల్లోనే పైన పొర కడుతుంది. వేలికి అంటకపోతే గీకి పారేయాల్సిందే, నీళ్ళు చల్లి మెత్తబరిస్తే పనికిరాదు. ఐదారు పలకలకొకటి ఎత్తి వెనక ఖాళీ మచ్చలున్నాయేమో చూడాలి.

ఈసారి పలకల నడుమ సందు ఉంచే 3 మి.మీ. స్పేసర్లు, గోడవార 8 మి.మీ. ఖాళీ పెట్టించాం. ఆ ఖాళీని గోడ అడుగున అతికించే స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది, దాంట్లో సిమెంటు పడకుండా కాపలా కాయాలి. వాకిలి గీత దగ్గర సందుల్లో నింపే గ్రౌటు బదులు సాగే సిలికాన్. పాత వరసల జాయింట్లకూ కొత్త వాటికీ పొంతన కుదరలేదు, ఆ తేడా కనిపిస్తూనే ఉంది.

మొదటి ఏడాది 'తుడిస్తే చాలు' అని నలుగురికీ చెప్పిన మాటను కాస్త సవరించుకోవాలి. మ్యాట్ గరుకులో బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. యాసిడ్ పోస్తే పలకకు ఏమీ కాదు, సిమెంటు గ్రౌటును మాత్రం తినేస్తుంది. గట్టి బ్రష్షూ, సబ్బునీళ్ళూ, వెంటనే పొడిగుడ్డా పడితేనే పోతుంది. సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌటు మేలే, కానీ గట్టిపడకముందే తుడవకపోతే దాని జిడ్డు పొర ఈ గరుకులో ఉండిపోతుంది.

బైకు లోపలికి వచ్చే, మూటలు దిగే కింది ఇల్లు కాబట్టి ఈ ఖర్చుకు న్యాయం జరిగింది. మిద్దె మీది పడకగదికైతే పలకకు పది కేజీల బరువెందుకు, మామూలు టైలే చాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు చలికాలంలో చాప తప్పనిసరి.

కొనేటప్పుడే అదే షేడు నంబరున్న పెట్టె ఒకటి ఎక్కువ తెచ్చిపెట్టుకోండి. ఎత్తేటప్పుడు నాలుగు పగిలాయి, అటక మీద మూడే ఉన్నాయి. నాలుగోది కొత్త షేడు, ఇప్పుడు ఫ్రిజ్ కింద ఉంది.