బెంగుళూరు సల్సా ఫెస్టివలా, మద్రాసు సోషలా: తిరుపతివాళ్లకి ఏది మేలు?

తిరుపతిలో సల్సా నేర్చుకుంటున్నామని చెప్తే ఎదుటివాళ్లు మొదట అడిగే మాట "అంటే జుంబానా?" అని. వాళ్ల తప్పేమీ లేదు. జుంబాని మొదలుపెట్టిన బెటో పెరెజ్‌ది కొలంబియాలోని కాలి నగరం. సల్సాకి పేరుపడ్డ ఊరది. అందుకే ఆ వ్యాయామంలో సల్సా అడుగులు కనిపిస్తాయి. అయితే జుంబాలో ఎవరి అడుగు వాళ్లది. సల్సాలో మాత్రం ఇంకొకరి చేయి పట్టుకుని, ముందుగా ఏదీ అనుకోకుండా, వినపడే పాటని బట్టి అప్పటికప్పుడు ఇద్దరూ కలిసి ఆడాలి. దానికి మనుషులు కావాలి. అంతమంది ఒకచోట దొరికేది మనకి దగ్గర్లో రెండే ఊళ్లు, మద్రాసు, బెంగుళూరు. మద్రాసులో సోషల్ అని ఒక సాయంత్రం అందరూ కలిసి ఆడుకునే కూడిక, బెంగుళూరులో మూడు రోజుల ఫెస్టివల్.

మేము కొంతమందిమి సాయంత్రాలు ఒక మేడ మీద చిన్న స్పీకర్ పెట్టుకుని ప్రాక్టీసు చేస్తాం. మాలో చిన్నవాడైన తమ్ముడొకడు మొన్న అడిగాడు.

"అక్కా, దాచుకున్న డబ్బులు పెట్టి ఒకేసారి బెంగుళూరు ఫెస్టివల్‌కి పోదామా, అవే డబ్బులతో నెలనెలా మద్రాసు సోషల్‌కి పోయొద్దామా?"

"పాట మధ్యలో క్రాస్ బాడీ లీడ్ తడబడకుండా ఇవ్వగలవా?"

"నీతో అయితే వస్తుందక్కా. కొత్తవాళ్లతో రాదు."

"అయితే ముందు మద్రాసు పోదాం."

క్రాస్ బాడీ లీడ్ అంటే జతగా ఆడే మనిషికి దారి ఇచ్చి ఎదురు వైపుకి పంపడం. అంత తొందరగా ఎందుకు తేల్చేశానో వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇదే ప్రశ్న ఇంకో ఆరు నెలలకి అడిగితే నా జవాబు మారిపోతుంది.

ముందు ఫెస్టివల్ అంటే ఏం జరుగుతుందో చూద్దాం. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం అర్ధరాత్రి దాటేదాకా సాగుతుంది. ఎక్కువగా ఏదో ఒక పెద్ద హోటల్లో పెడతారు. శని, ఆదివారాల్లో పగలంతా వర్క్‌షాపులు. రెండు మూడు హాళ్లలో ఒకేసారి నడుస్తాయి, ఒక్కోటి గంట సేపు. బిగినర్, ఇంటర్మీడియెట్, అడ్వాన్స్‌డ్ అని స్థాయిలుంటాయి. రాత్రి స్టేజీ మీద ప్రదర్శనలు, అవి అయ్యాక సోషల్, అంటే అందరూ ఫ్లోర్ మీదికి వచ్చి తెల్లవారుజాము దాకా ఆడుకోవడం. పద్ధతి పాతదేమీ కాదు. ప్రపంచ సల్సా కాంగ్రెస్ అన్న పేరుతో ప్యూర్టోరికోలో మొదటి సభ జరిగింది 1997లో. ఆ నమూనాయే ఊరూరా పాకింది.

మద్రాసు సోషల్ అంటే ఈ మొత్తంలో చివరి భాగం ఒక్కటే, అదీ చిన్న ఎత్తున. వారాంతంలో ఒక సాయంత్రం, ఏదో కేఫ్‌లోనో డాన్స్ స్టూడియోలోనో, మొదట ఒక గంట బిగినర్ క్లాసు, తర్వాత డాన్సు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎప్పుడూ వచ్చేవాళ్లే. రెండోసారి పోతే మొహం గుర్తుపడతారు, మూడోసారికి పేరు పెట్టి పిలుస్తారు. నేర్చుకునే తొలి దశలో ఇది చాలా పెద్ద విషయం. పోయినసారి తడబడ్డ టర్న్ ఈసారి కుదిరితే, ఆ తేడా గమనించే మనిషి అక్కడ ఉంటారు. ఫెస్టివల్లో ఎదురయ్యేవాళ్లలో ముప్పాతిక మంది మనకి మళ్లీ కనపడరు.

డబ్బు లెక్క చూస్తే మద్రాసే గెలుస్తుంది, అందులో వాదన లేదు. ఫెస్టివల్ పాస్ వేలల్లో ఉంటుంది. ముందే కొంటే తక్కువ, తేదీ దగ్గరపడేకొద్దీ ధర ఎక్కుతుంది. దాని మీద హోటల్ గది, తిండి, రానుపోను చార్జీలు. సోషల్‌కి ఎంట్రీ వందల్లోనే అయిపోతుంది. ఒక ఫెస్టివల్‌కి అయ్యే ఖర్చుతో నెలకోసారి చొప్పున చాలాకాలం మద్రాసు పోయి రావచ్చు.

ప్రయాణం కూడా తిరుపతివాళ్లకి మద్రాసే సులువు. నూట నలభై కిలోమీటర్లు అటూ ఇటూ. సప్తగిరి రైలెక్కితే రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి మీదుగా మూడు గంటల పైచిలుకు. తిరుగు బస్సులు మాధవరం నుంచి. బెంగుళూరుకి చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా రెండు వందల యాభై కిలోమీటర్లు, బస్సులో ఐదారు గంటలు. చిత్తూరువాళ్ల సంగతి వేరు. వాళ్లకి రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే దూరం. పైగా కాట్పాడి పక్కనే ఉంది కాబట్టి రెండు వైపులకీ రైళ్లు దొరుకుతాయి. చిత్తూరులో ఉండేవాళ్లు దూరం చూసి మద్రాసుని ఎంచుకోనక్కర్లేదు. ఇంకొక్క మాట, పెరటాసి నెల శనివారాల్లో, బ్రహ్మోత్సవాల రోజుల్లో ఏ ప్రయాణమైనా టికెట్లు ముందే తీసుకోండి. ఆ రోజుల్లో ఊర్లోకి తిరిగి రావడమే పెద్ద పని.

ఇంత చెప్పాక ఫెస్టివల్ దండగ అనుకోకండి. అక్కడ దొరికేది మద్రాసులో నెలనెలా పోయినా దొరకదు. అదేంటో చెప్పాలంటే క్రాస్ బాడీ లీడ్ దగ్గరికే రావాలి.

సల్సా ఎనిమిది లెక్కల్లో నడుస్తుంది. మన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలోనో, ఇంటి పక్కన టీచర్ దగ్గరో కూచిపూడి, భరతనాట్యం నేర్చుకున్నవాళ్లకి ఆదితాళం ఎనిమిది అక్షరాలు ఒంట్లోనే ఉంటాయి కాబట్టి లెక్క కష్టం కాదు. కష్టమల్లా నాలుగు, ఎనిమిది దగ్గర. ఆ రెండు చోట్ల అడుగు పడదు. ఒకటి రెండు మూడు, ఆగు, ఐదు ఆరు ఏడు, ఆగు. క్రాస్ బాడీ లీడ్‌లో ఒకటి రెండు మూడుకి లీడ్ చేసే, అంటే నడిపించే మనిషి పక్కకి తప్పుకుని దారి ఇస్తారు. ఐదు ఆరు ఏడుకి ఫాలో చేసే మనిషి ఆ దారిలో ఎదురు వైపుకి దాటిపోతారు. పెద్ద పెద్ద టర్న్‌లన్నీ దీని మీద కట్టినవే. దారి ఇవ్వడంలో సగం అడుగు తక్కువైనా ఫాలో చేసే మనిషి భుజం వచ్చి ఛాతీకి తగులుతుంది. నాలుగు దగ్గర ఆగకుండా చేయి లాగితే ఆవిడ ఐదు కన్నా ముందే కదిలిపోతుంది, ఇక ఆ పాటంతా ఇద్దరూ లెక్క వెతుక్కోవడంతోనే సరి.

మేడ మీద మేము ఒకరికొకరం అలవాటైపోయాం. తమ్ముడు చేయి సరిగ్గా ఇవ్వకపోయినా నేను వెళ్లాల్సిన చోటికి వెళ్లిపోతాను, ఎందుకంటే వాడు తర్వాత ఏం చేస్తాడో నాకు ముందే తెలుసు. దాంతో తన లీడ్ బాగుందని వాడు నమ్ముతాడు. మద్రాసులో కొత్తవాళ్లతో ఆడితే ఆ నమ్మకం కొంచెం సరిదిద్దుకుంటుంది. ఫెస్టివల్లో ఒక్క రాత్రిలో పుణె నుంచి వచ్చినవాళ్లతో, కొచ్చి నుంచి వచ్చినవాళ్లతో, పదేళ్లుగా ఆడుతున్నవాళ్లతో, నిన్న మొదలుపెట్టినవాళ్లతో వరసగా ఆడతాం. ఒకరి చేయి బరువుగా, ఇంకొకరిది ఉందా లేదా అన్నంత తేలిగ్గా ఉంటుంది. ఒకరు ప్రతి టర్న్ తొందరపడతారు, ఇంకొకరు పాట చివరిదాకా బేసిక్, అంటే మొదట నేర్చుకునే అడుగులే వేస్తూ హాయిగా నవ్విస్తారు. ఇంతమంది చేతుల్ని ఇంత తక్కువ సమయంలో ఎరగడం ఇంకెక్కడా కుదరదు. అందుకే ఫెస్టివల్ విలువంతా రాత్రుల్లోనే ఉందని నా గట్టి అభిప్రాయం. పగటి క్లాసులు దాని తర్వాతే.

క్లాసుల గురించి కొంచెం కఠినంగానే చెప్తాను. గంట క్లాసులో ఎనిమిది లెక్కల వరసలు మూడు నాలుగు కలిపిన కాంబినేషన్ నేర్పిస్తారు. ఐదు నిమిషాలకోసారి పార్ట్‌నర్లని మారుస్తారు. చివర్లో టీచర్లు మొత్తం చేసి చూపిస్తే అందరూ ఫోన్లు తీసి రికార్డు చేసుకుంటారు. సాయంత్రానికి సగం మరిచిపోతాం. ఆ వీడియోలు ఇంటికొచ్చి చూసేవాళ్లు తక్కువ, చూసి సాధన చేసేవాళ్లు ఇంకా తక్కువ. కాంబినేషన్ల క్లాసులకన్నా టెక్నిక్ క్లాసులు ఎంచుకోండి. టర్న్‌లో తల ఎప్పుడు తిప్పాలి, చేతిలో ఎంత బిగువు ఉంచాలి, ఒంటరిగా వేసే షైన్స్ అడుగులు ఎలా శుభ్రం చేసుకోవాలి, ఇవి ఒంట్లో నిలుస్తాయి. పాటని విని పట్టుకోవడం నేర్పే మ్యూజికాలిటీ క్లాసు ఉంటే ఏది వదిలినా అది వదలొద్దు. క్లావే అని ఐదు దెబ్బల వరస ఒకటుంటుంది, రెండు కొలతల్లో మూడూ రెండుగానో, రెండూ మూడుగానో పడుతుంది. కాంగా, బోంగో, టింబాలెస్ అనే డ్రమ్ములు, గంట అన్నీ దాని చుట్టూనే అల్లుకుంటాయి. అది ఒకసారి చెవికి చిక్కితే విన్న పాటే కొత్తగా వినపడుతుంది. 1964లో జానీ పచేకో, జెర్రీ మసూచీ న్యూయార్క్‌లో పెట్టిన ఫానియా రికార్డ్స్ పాటలు, సీలియా క్రూజ్ గొంతు, హెక్టర్ లావో గొంతు రైల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ పొండి. అర్థం తెలియకపోయినా ఎక్కడ వాద్యం విజృంభిస్తుందో, ఎక్కడ ఆగుతుందో ముందే పసిగట్టే అలవాటు వస్తుంది.

స్థాయి విషయంలో మొహమాటం వద్దు. మీరనుకున్న స్థాయికన్నా ఒక మెట్టు కింద క్లాసులో నిలబడండి. అక్కడ బేసిక్ మీద ధ్యాస పెట్టే తీరిక దొరుకుతుంది, మీతో జత పడిన మనిషికీ ఇబ్బంది ఉండదు.

ఇక ఏ పాస్ మేలు? ఫుల్ పాస్‌లో క్లాసులు, షోలు, పార్టీలు అన్నీ ఉంటాయి. పార్టీ పాస్ అయితే రాత్రులు మాత్రమే, ధర బాగా తక్కువ. మొదటిసారి పోయేవాళ్లకి, ఫెస్టివల్ వాళ్లు అమ్ముతుంటే, పార్టీ పాస్‌తో పాటు ఒక రోజు క్లాసుల పాస్ తీసుకోమంటాను. రెండు రోజులూ పొద్దున్నుంచి క్లాసుల్లో నిలబడితే రాత్రి పదకొండుకే కాళ్లు మొండికేస్తాయి. అసలు దేనికోసం వచ్చామో దానికి ఓపిక ఉండదు. బూట్‌క్యాంపులకి, అంటే గంటల తరబడి గట్టిగా సాధన చేయించే క్లాసులకి, విడిగా డబ్బు కట్టాలి, మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దు.

కొనే ముందు రెండు విషయాలు నిర్వాహకుల్ని అడగండి. సల్సాకి విడిగా ఫ్లోర్ ఉందా? ఈమధ్య చాలాచోట్ల బచాటా పాటలే ఎక్కువ వేస్తున్నారు. బచాటా డొమినికన్ రిపబ్లిక్ సంగీతం, 2019లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకి ఎక్కింది, నాకూ ఇష్టమే. కానీ సల్సా కోసం అంత దూరం పోయి మూడు బచాటాలకి ఒక సల్సా వింటే మనసు ఒప్పదు. రెండోది, క్లాసులు ఆన్ వన్‌లోనా, ఆన్ టూలోనా? ఒకటో లెక్కకి దిశ మార్చేది ఆన్ వన్, రెండుకి మార్చేది ఆన్ టూ. ఎడ్డీ టోరెస్ అనే డాన్స్ టీచర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన న్యూయార్క్ పద్ధతి రెండోది. మీరు నేర్చుకున్నది ఆన్ వన్ అయితే దాన్నే గట్టి చేసుకోండి, ఒకే వారాంతంలో రెండూ కలిపితే రెండూ చెడతాయి.

ఆడపిల్లలు ఇంట్లో చెప్పి ఒప్పించే విషయంలో మద్రాసు సోషలే సులువు. సాయంత్రం ఆడి, తెలిసినవాళ్లింట్లో పడుకుని, పొద్దున రైలెక్కచ్చు. ఫెస్టివల్‌కి అయితే ఒంటరిగా వద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి, అది జరిగే హోటల్లోనే గది తీసుకుని పంచుకోండి. రాత్రి మూడింటికి ఆటో వెతుక్కునే టెన్షన్ ఉండదు, మధ్యలో బట్టలు మార్చుకోవచ్చు. (ఇది మగవాళ్లకి మరీ ముఖ్యం, కనీసం మూడు షర్టులు, ఒక తువ్వాలు తెచ్చుకోండి.) ఫ్లోర్ మీద ఎవరైనా చేయి మరీ గట్టిగా పట్టినా, దగ్గరతనం నచ్చకపోయినా పాట మధ్యలోనే థాంక్స్ చెప్పి తప్పుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. అలాగే ఎవరైనా ఆడనంటే చిన్నబుచ్చుకోకూడదు. అడగకుండా ఫ్లోర్ మీద పాఠాలు చెప్పకూడదు.

కాబట్టి నా లెక్క ఇది. కొత్త మనిషితో మూడు పాటలు వరసగా బేసిక్, క్రాస్ బాడీ లీడ్, ఒక రైట్ టర్న్ తప్పకుండా నడిపేదాకా మద్రాసు సోషలే మేలు, ఫెస్టివల్‌కి రూపాయి పెట్టొద్దు. అది దాటినవాళ్లకి ఏడాదికి ఒక ఫెస్టివలే మేలు, మద్రాసు రాకపోకలు సగం తగ్గించుకుని అయినా సరే. రెండు దశలకీ వారంలో రెండు సాయంత్రాలు మేడ మీద ప్రాక్టీసు మాత్రం తప్పదు.

ఫెస్టివల్‌కి పోతే సోమవారం సెలవు పెట్టుకుని పొండి. ఆదివారం రాత్రి పదకొండు బస్సు పట్టుకోవాలని సగంలో లేచి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ రాత్రికి జనం పలచబడతారు, ఫ్లోర్ మీద చోటు దొరుకుతుంది. రెండు రోజులుగా చూసిన మొహాలే కాబట్టి అడగడానికి బెరుకుండదు. శుక్రవారం దూరం నుంచి చూసిన పెద్ద డాన్సర్లు కూడా అప్పటికి తీరిగ్గా ఉంటారు, పిలిస్తే వస్తారు.