చర్చి ప్రైమరీ స్కూల్లో ఏడేళ్లు: మా ఇద్దరు పిల్లల చదువు గురించి

మేం విశాఖపట్నంలో కంచరపాలెం వైపు ఉంటాం. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో చర్చి ఆవరణలోనే ఒక చిన్న స్కూలు ఉంది, ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా. మా పెద్దమ్మాయిని 2019 జూన్‌లో అక్కడ యూకేజీలో వేశాం. అది ఐదు పూర్తిచేసి ఇప్పుడు వేరే హైస్కూల్లో ఆరు చదువుతోంది, బాబు ఇంకా అక్కడే, మూడో తరగతి. అడ్మిషన్ల టైమ్ వస్తే చుట్టుపక్కల వాళ్లు "ఎలా ఉందండీ ఆ స్కూలు" అని అడుగుతూనే ఉంటారు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

చదవడం నేర్పడంలో ఈ స్కూలుకి నేను పదికి పది వేస్తాను. మా అమ్మాయి గుణింతాలు గడగడా చెప్పేది కానీ ఒత్తు కనబడితే దాన్ని వదిలేసి చదివేది. రెండో తరగతి టీచరు ఏం చేశారంటే, సిటీ బస్సుల బోర్డుల మీద ఉండే ఊర్ల పేర్లు అట్టముక్కల మీద రాసి, ఒత్తు మాత్రం ఎర్ర స్కెచ్‌తో పెట్టారు. మర్రిపాలెం, మద్దిలపాలెం, కొమ్మాది, పెందుర్తి, ద్వారకానగర్. పిల్లలు ఒత్తుని వేలితో మూసి ఒకసారి చదవాలి, వేలు తీసి ఇంకోసారి చదవాలి. "మరిపాలెమా, మర్రిపాలెమా? కండక్టరు ఏమని అరుస్తాడమ్మా?" అని అడిగేవారట. రెండు ఒత్తులున్న అక్కయ్యపాలెం అన్నిటికంటే చివర. నెల తిరక్కుండానే ఇది ఆటోలో కూర్చుని షాపుల బోర్డులన్నీ చదవడం మొదలెట్టింది, నాకైతే కళ్లలో నీళ్లొచ్చాయి.

అంతకుముందు ఒకటో తరగతంతా కరోనాలో పోయింది. ఆన్‌లైన్ క్లాసులు పెట్టలేదు, చాలా ఇళ్లలో ఒక్క ఫోనే, అదీ తండ్రి జేబులో ఉంటుంది. దాని బదులు సోమవారం గేటు దగ్గర నోట్‌బుక్కు ఇచ్చేవారు, వచ్చే సోమవారం దిద్ది తిరిగి ఇచ్చేవారు. ఊరికే టిక్కు పెట్టి ఇవ్వలేదు, "బ, భ కలిపేస్తోంది, రోజూ అయిదు మాటలు రాయించండి" అని రాసి ఇచ్చేవారు.

ఇక లెక్కలు. ఇక్కడ మాత్రం మేం బాగా ఇబ్బంది పడ్డాం. అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా ఒక్క ఏడాదిలో ముగ్గురు లెక్కల టీచర్లు మారారు. జీతాలు తక్కువ, బీఈడీ అయిన పిల్లలు వచ్చి ఇంకెక్కడైనా దొరకగానే వెళ్లిపోతారు, వాళ్లనీ అనలేం. నష్టపోయింది మాత్రం మా పిల్ల. పన్నెండో ఎక్కం నిద్రలో లేపినా చెబుతుంది, కానీ 84ని 7తో భాగించమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. వేసవి సెలవుల్లో చింతపిక్కలు ముందేసుకుని, ఏడేసి కుప్పలు పెట్టించి నేనే నేర్పుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్‌ గారికి చెబితే కోపగించుకోలేదు, విన్నారు, కానీ ఆ ఏడాది పెద్దగా ఏమీ మారలేదు.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రైమరీలో 30 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలంటుంది. ఇక్కడ క్లాసుకి ఇరవై మందికి మించరు కాబట్టి చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ టీచరు సెలవు పెట్టిన రోజు మూడో తరగతి, నాలుగో తరగతి ఒకే గదిలో కూర్చుంటాయి. ఆ రోజు చదువు లేనట్టే.

మతం గురించి అందరూ గొంతు తగ్గించి అడుగుతారు. మేం హిందువులం. పొద్దున ప్రార్థన ఉంటుంది, క్రిస్మస్‌కి నాటకం ఉంటుంది. మా అత్తయ్య మొదట్లో చాలా టెన్షన్ పడ్డారు. బొట్టు తీయమని, గాజులు తీయమని ఏడేళ్లలో ఒక్కరూ అనలేదు. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని మతబోధనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది, ఇక్కడ ఆ మాట ఎత్తే అవసరమే రాలేదు. బాబు అయితే నాటకంలో గొర్రెల కాపరి వేషం కోసం తాతయ్య కండువా పట్టుకుపోయాడు.

ఫీజు మాకు అందుబాటులోనే ఉంది, పరీక్షల ముందు కట్టలేకపోయినా పిల్లల్ని బయట నిలబెట్టరు. అయితే విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకిచ్చే 25 శాతం ఉచిత సీట్ల కోసం మాత్రం అడగకండి, ఇలాంటి మైనారిటీ సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మా పక్కింటావిడ ఆ సంగతి తెలియక రెండుసార్లు తిరిగింది.

ఆరో తరగతిలో మా అమ్మాయికి తెలుగులో, సోషల్‌లో ఇబ్బందే లేదు. ఇంగ్లిష్ చదువుతుంది, రాస్తుంది, మాట్లాడాలంటే మాత్రం ఇప్పటికీ నోరు తెరవదు. లెక్కలకు ట్యూషన్ పెట్టాం.

చేర్పించే ముందు ఒకసారి పదిన్నర ప్రాంతంలో వెళ్లి రెండో తరగతి గది బయట నిలబడి వినండి, తర్వాత నాలుగో తరగతికి లెక్కలు ఎవరు చెబుతున్నారో, ఎన్నాళ్ల నుంచి చెబుతున్నారో అడగండి. బాబుని జూన్‌లో నాలుగులోకి అక్కడికే పంపుతున్నాం. చింతపిక్కల డబ్బా మాత్రం ఈసారి ముందే తీసి పెట్టాను.