లాటిన్‌లో ఆశ్చర్యార్థకం: ద్వితీయా విభక్తా, ‘క్వామ్’ పదమా?

లాటిన్‌లో ఆశ్చర్యం, బాధ, కోపం పలకడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది క్రియ లేనిది. నామవాచకాన్ని ద్వితీయా విభక్తిలో పెట్టి వదిలేయడమే. ‘మే మిసెరుమ్!’ అంటే ‘అయ్యో, నా దౌర్భాగ్యం!’ అని. పలికేది స్త్రీ అయితే ‘మే మిసెరామ్!’ అవుతుంది. క్రీ.పూ. 63లో కుట్రదారు కాటిలీన్‌పై రోమన్ వక్త సిసెరో చేసిన ప్రసంగంలోని ‘ఓ తెంపొరా, ఓ మోరేస్!’ (ఏం కాలం, ఏం నడవడి!) అందరికీ తెలిసిన ఉదాహరణ. కానీ కొత్తగా నేర్చుకునేవారికి నేను దీన్ని ముందు చూపించను. ఆ రెండు పదాలకూ ప్రథమ, ద్వితీయ రూపాలు ఒకటే కాబట్టి అసలు విషయం కనబడదు. సిసెరోదే ‘ఓ ఫల్లాకెమ్ హోమినుమ్ స్పెమ్!’ (మనుషుల ఆశ ఎంత మోసకారి!) చూడండి, పదాల చివరనున్న ‘ఎమ్’ విభక్తిని స్పష్టంగా చెబుతుంది.

రెండోది పూర్తి వాక్యం: ‘క్వామ్ పుల్క్రా ఎస్ట్!’ అంటే ‘ఆమె ఎంత అందంగా ఉంది!’ ఇది మనకు సులువు. మన ‘ఎంత’ లాగే ‘క్వామ్’ కూడా ప్రశ్నకూ ఆశ్చర్యానికీ పనికొస్తుంది. పరిమాణానికి ‘క్వాంతుస్’, గుణానికి ‘క్వాలిస్’ వాడతారు. రోమన్ చక్రవర్తి నీరో చనిపోతూ అన్నట్టు చరిత్రకారుడు సుయెటోనియస్ రాసిన ‘క్వాలిస్ ఆర్టిఫెక్స్ పెరెయో!’ (ఎంతటి కళాకారుణ్ణి, నశిస్తున్నాను!) ఈ కోవదే.

గుణాన్ని వర్ణించాలంటే ‘క్వామ్’ చాలు. గుండె పట్టుకుని అరవాలంటే మాత్రం ద్వితీయకు సాటి లేదు. క్రియ కోసం ఆగని ఆ తొందరలోనే దాని బలమంతా ఉంది. ఒక్క జాగ్రత్త: ‘వే’ అనే అవ్యయం తర్వాత మామూలుగా చతుర్థి వస్తుంది, ‘వే విక్టీస్!’ (ఓడినవారికి చేటు!) అన్నట్టు.