పాలు పితికే మిషన్: ఏడాది వాడాక

నాన్న దూడను వదిలి, ఆవు చేపాక గిన్నె మోకాళ్ల మధ్య పెట్టుకుని పితికేవారు. నాకు నాలుగు ఆవులకే వేళ్లు పట్టేసేవి, అందుకే పాలు నేరుగా బకెట్‌లోకి చేరే బకెట్ మిషన్ కొన్నాను. లాగడం, వదలడం మార్చి మార్చి చేసే పల్సేటర్ అనే భాగం నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటూ దూడ చప్పరించినట్టే లాగుతుంది. మొదట్లో ఎర్రావు బెదిరి తన్నింది. మూడు రోజులు పక్కన మిషన్ ఖాళీగా ఆన్ చేసి ఆ చప్పుడు వినిపించాక కుదురుకుంది.

ముందు రెండు మూడు ధారలు చేత్తో పిండి, పాలలో గడ్డలేమైనా ఉన్నాయేమో చూసుకోండి. పొదుగు వాపు అక్కడే తెలిసిపోతుంది. పాలు ఆగగానే చన్నులకు తగిలించిన కప్పులు తీసేయాలి, లేకపోతే చన్నులు దెబ్బతింటాయి. కప్పుల లోపలుండే రబ్బరు గొట్టాలు, అంటే లైనర్లు, 2,500 పితుకుళ్లకు (ఒక ఆవును ఒకసారి పితికితే ఒకటి) మార్చాలి. నాకు పది నెలలకే వచ్చింది ఆ ఖర్చు. పాలు లాగే వాక్యూమ్ ఎంతుందో చూపే గేజ్ మాత్రం నాసిరకం, నెలకే ముల్లు ఇరుక్కుపోయింది. అయినా కొన్నందుకు సంతోషంగానే ఉంది.